పల్లపు చేనికి పారిన నీళ్ళు

బుల్లియ్య బొటనవేలిని మిషను ఒప్పుకోలేదు.

ఎరువుల గోదాము గుమాస్తా హరిబాబు ఆ వేలిని పట్టుకుని వేలిముద్రల మిషను అద్దం మీద అదిమాడు. ఎర్రలైటు వెలిగింది. "తుడుచుకుని పెట్టు తాతా" అన్నాడు. బుల్లియ్య పంచె చెంగుకి తుడుచుకుని మళ్ళీ పెట్టాడు. ఎర్రలైటే. ఎడంచెయ్యి పెట్టమన్నాడు, చూపుడువేలు పెట్టమన్నాడు. ఒక్కటీ పడలేదు. ఏళ్ళ తరబడి నీళ్ళలోనూ బురదలోనూ నాని, పార పట్టీ పట్టీ ఆ వేళ్ళ మీద గీతలన్నవే మిగల్లేదు. నున్నగా, వాడేసిన సబ్బుముక్కల్లా ఉన్నాయి.

"మిషను తీసుకోకపోతే నేనేం చెయ్యను? ఇంట్లో ఇంకెవరినైనా పంపు."

"ఇంకెవరున్నారు బాబూ నాకు? తమరికి తెలియందేవుంది?"

"అయితే ఇంకోరోజు రా. ఒక్కోసారి పడుద్ది. ఊఁ, తర్వాతెవరు?"

తర్వాత ఉన్నది వీరదుర్గ. ఆమె వెనక తలుపు దాటి, చెట్టు దాటి, రోడ్డు దాకా వరస ఉంది. కాలవలకి నీళ్ళు ఆలస్యంగా వదలడంతో ఊరందరి ఊడ్పులూ ఒక్కసారే అయ్యాయి, యూరియా కూడా అందరికీ ఒక్కసారే కావలసొచ్చింది. లారీ ఎప్పుడొస్తుందో తెలీదు, వచ్చింది ఎంతమందికి సరిపోతుందో తెలీదు. బుల్లియ్య పక్కకి జరుగుతూ దుర్గ మొహంలోకి చూశాడు. ఇద్దరివీ పక్కపక్క చేలు. ఆమెది మెరక, ఆయనది దానికి ఆనుకుని పల్లం. 'ఈయన్ని నేనెరుగుదును, సాగు చేస్తున్నది ఈయనేనండి' అని ఒక్క మాట అందామనుకుంది దుర్గ. నోటిదాకా వచ్చింది. కానీ హరిబాబు ఎవరనుకున్నారు, జగన్నాథరావు గారి మేనల్లుడు. జగన్నాథరావు గారి ఎకరంన్నరే దుర్గ కౌలుకి చేస్తున్నది. మాట మింగేసి వేలు పెట్టింది. పచ్చలైటు వెలిగింది.

బస్తాని సైకిలు వెనక ఎక్కిస్తుంటే సైకిలు పక్కకి ఒరిగింది. ఎవరో హ్యాండిలు గట్టిగా పట్టుకున్నారు. చూస్తే బుల్లియ్య. బస్తా కుదురుగా కూచునేదాకా పట్టుకుని, తాడు ఇటు అందించి, "బిగించమ్మాయ్, జారుద్ది" అన్నాడు. దుర్గ తలెత్తలేదు.

అప్పుడే బండి చప్పుడైంది. ఆ చప్పుడు ఎక్కడున్నా గుర్తుపడుతుంది దుర్గ. ఈమధ్య అది వింటే చాలు, చేతిలో పని ఆగిపోతోంది. జగన్నాథరావు గారు బండి దిగలేదు, ఒక కాలు నేలకి ఆనించి ఆగారు.

"ఏమ్మా దుర్గా, ఆ చేను సంగతేంటి? రోడ్డున పోయేవాళ్ళంతా 'మీ చేనికి కామెర్లొచ్చాయా' అని నన్నడుగుతున్నారు."

"తిరుక్కుంటదండి. జీలుగ కుళ్ళుతోందని..."

"ఒక్క బస్తాయేనా?"

"చాలండి. జీలుగ వేశాం కదండీ, ఆ బలం కూడా ఉంటదండి."

ఆయన బస్తా వైపు చూశారు, ఆమె వైపు చూశారు. గొంతు పెంచే మనిషి కాదు. పెంచితేనే బాగుండేది. "దసరా దాకా చూస్తానమ్మా. అప్పటికీ ఇలాగే ఉంటే రెండో పంటకి, దాళ్వాకి ఇంకొకర్ని చూసుకుంటాను. ముందే చెప్తున్నాను, తర్వాత నన్ననుకోవద్దు" అని బండి ముందుకి పోనిచ్చారు.

*

చేను నిజంగానే కామెర్లొచ్చినట్టే ఉంది. బుల్లియ్యది తప్ప చుట్టూ అందరి చేలూ నల్లగా నిగనిగలాడుతుంటే మధ్యలో దుర్గ చేను పసుపు నీళ్ళు చల్లినట్టుంది. గట్టు మీద కూచుని ఒక దుబ్బు పీకింది. వేళ్ళు తెల్లగా ఉండాల్సినవి నల్లబారి ఉన్నాయి. ముక్కు దగ్గర పెట్టుకుంటే మురుక్కాలవ వాసన. కాలితో బురదని నొక్కితే బుడగలు పైకొచ్చి చిట్లిపోతున్నాయి.

దమ్ముకి ముందు జీలుగ మొక్కలు పెంచి, చేలోనే దున్నేసి కుళ్ళబెట్టమని చెప్పింది రైతు సేవా కేంద్రంలో పనిచేసే సుప్రియ. పచ్చిరొట్ట సగం బలం ఇస్తుంది, మిగతా సగం యూరియాతో పెడితే చాలంది. జీలుగ ఏపుగా పెరిగింది కూడా. కానీ కాలవ నీళ్ళు రావడం ఆలస్యమై, దమ్ముకి దిగేసరికి జీలుగ నడుం దాటి, కాడలు కర్రల్లా ముదిరిపోయాయి. నారు కూడా ముదురుతోందని కంగారుపడి, దున్నిన వెంటనే ఊడ్చేశారు. అదిగో, ఆ కంగారుకి ఫలితం ఇది.

సుప్రియ స్కూటీ రోడ్డు మీద పెట్టి, చెప్పులు చేత్తో పట్టుకుని గట్టు వెంట వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. తనూ ఒక దుబ్బు పీకి చూసింది.

"ముదిరిన కాడలు కదండీ. అవి కుళ్ళడానికి ముందు మట్టిలో ఉన్న నత్రజనినే తినేస్తున్నాయి. పైరుకి మిగలట్లేదు. కుళ్ళాక మళ్ళీ అవే ఇస్తాయి. ముందు నీళ్ళు తీసేసి బురదకి గాలి తగలనివ్వండి. తర్వాత యూరియా కొంచెమే, వేపపిండి కలిపి చల్లండి."

"తిరుక్కుంటదామ్మా?"

సుప్రియ తను పీకిన దుబ్బుని మళ్ళీ బురదలో గుచ్చి నిలబెట్టింది, అది బతికేది కాకపోయినా.

"పుస్తకంలో అయితే తిరుక్కుంటుందండి. ఇంత ముదిరిన జీలుగ దున్నిన చేను నేనూ చూళ్ళేదు. నాకూ భయంగానే ఉంది."

ఆ మాట విన్నాక దుర్గకి ఉన్న కాస్త ధైర్యమూ జారిపోయింది. అయినా చెయ్యవలసిన పని చేసింది. గట్టుకి గండి తీసి నీళ్ళు వదిలింది. బురద ఆరి సన్నగా బీటలు వేసేదాకా ఆగింది. ఇంటి ముందు టార్పాలిను పరిచి, యూరియా పోసి, వేపపిండి చల్లి, చేత్తో తిరగేసి మరగేసి కలిపింది. యూరియా ముట్టుకుంటే చల్లగా, తేమగా తగిలింది. తెల్లగింజలు గోధుమరంగుకి తిరిగాక పైన తడిగోతం కప్పి, మర్నాడు చేలో చల్లింది. తట్ట నడుముకి ఆనించుకుని, పిడికిలి వదులుగా పట్టి, అడుగుకొక విసురు. చల్లినంతసేపూ రోడ్డు వైపు చూస్తూనే ఉంది.

తర్వాత రోజులు పొద్దున్నే లేవడం, చేలోకి పోవడం, ఆకు మొదట్లో వేలు పెట్టి చూడడం. ముందు ఏమీ కనబడలేదు. ఒకనాడు సుడిలోంచి వచ్చే కొత్తాకు మొన పచ్చగా అనిపించింది. కళ్ళ భ్రమేమోనని పక్క దుబ్బు చూసింది, ఆ పక్కది చూసింది. అన్నిటికీ ఉంది. దుబ్బు పీకితే నల్లవేళ్ళ మధ్యలోంచి తెల్లటి పీచు ఒకటి బయటికొచ్చి ఉంది. దుర్గ ఎవరికీ చెప్పలేదు. భర్త వెంకటరమణకి కూడా చెప్పలేదు. చెప్తే పోతుందేమోనని భయం.

*

అత్తగారిని రాజమండ్రి కంటాసుపత్రికి తీసుకెళ్ళి, తిరుగుబస్సులో ఆవిణ్ణి ఇంటికి పంపేసి, దుర్గ చేను దగ్గరే దిగింది. ఎండ ఇంకా వాలలేదు. గట్టు ఎక్కగానే ఏదో తేడాగా అనిపించింది.

ముందు కనబడ్డది గట్టు పక్కన గడ్డిలో తెల్లటి గింజలు. తడిగడ్డి మీద చెమర్చి, సగం కరిగి ఉన్నాయి. వంగి వేలికి అద్దుకుంది. యూరియా. తనది కాదు, తనదైతే వేపపిండి రంగులో ఉండాలి. ఆకుల మొదళ్ళలో కూడా అక్కడక్కడా గింజలు ఇరుక్కున్నాయి. చేలో మొన్న తను మళ్ళీ కట్టిన నీళ్ళు చీలమండ లోతున ఉన్నాయి. నీళ్ళలో పడ్డవి ఎప్పుడో కరిగిపోయాయి. గట్టు మూల రాయి కింద మడతపెట్టిన ఖాళీ సంచులు రెండున్నాయి. ఎవరో పని పూర్తిచేసి, సంచులు ఎగిరిపోకుండా రాయి పెట్టి మరీ వెళ్ళారు.

దుర్గ గట్టు మీద కూలబడింది. ఎవరు చేసుంటారు? గిట్టనివాళ్ళా? గిట్టనివాళ్ళు యూరియా ఎందుకు తెచ్చి పోస్తారు, అదీ ఒక్క బస్తాకే జనం కొట్టుకుంటున్న రోజుల్లో? రావు గారు మనిషిని పెట్టి చల్లించారా? అయితే చేను అప్పుడే చెయ్యి జారిపోయినట్టేనా? ఒక్కో ఊహా ముందుదానికన్నా ఎక్కువ భయపెట్టింది. అన్నిటికన్నా పెద్ద భయం ఎదురుగా నీళ్ళలో కరిగి ఉంది. లోపల జీలుగ ఇప్పుడిప్పుడే బలం వదలడం మొదలుపెట్టింది. పైనుంచి రెండు బస్తాలు. రెండూ కలిస్తే పైరు నల్లగా, మెత్తగా, ఎత్తుగా లేచిపోతుంది. పైరు రసం పీల్చే దోమ పడుతుంది. దోమకి తట్టుకున్నా, గింజ పాలు పోసుకునే వేళకి తుఫాను గాలి ఒక్కటి చాలు, చాప పరిచినట్టు పడుకుంటుంది.

ఇంటికి వచ్చేసరికి వెంకటరమణ పెరట్లో కూచుని అరచేతులకి కొబ్బరినూనె రాసుకుంటున్నాడు. కడియం నర్సరీల్లో లారీలకి మొక్కలు ఎక్కించే పని అతనిది. అరచేతుల నిండా పగుళ్ళే.

"పనిలోకి పోలేదా?"

"లారీ రాలేదన్నారు."

"చేతులకేమైంది?"

"ఏవుంది, మంట."

మామూలుగా మండే చేతులు కావవి. పగుళ్ళు ఎర్రగా వాచి ఉన్నాయి. దుర్గ దగ్గరికి వెళ్ళి అతని చొక్కా చేతి మడత విప్పింది. మడతలోంచి తెల్లగింజ ఒకటి నేల మీద పడింది. ఇద్దరూ దాన్నే చూశారు.

"నువ్వా?" అంది.

అతను నూనెగిన్నె పక్కన పెట్టాడు. "రావు గారు పిలిపించారు. వాళ్ళింట్లో మెట్ల కింద బస్తాలున్నాయి. 'రెండు తీసుకెళ్ళి చల్లేసిరా. మీ ఆవిడకి చెప్పకు, చెప్తే వద్దంటది. చేను పచ్చబడితే నీకే మంచిది' అన్నారు."

"మెట్ల కిందా? ఎన్ని?"

"లెక్కపెట్టలేదు. మెట్ల కిందంతా అవే."

బుల్లియ్య నున్నటి వేళ్ళు ఆమె కళ్ళ ముందు కదిలాయి. కానీ అది ఆలోచించే తీరిక లేదు. "పచ్చబడుతోందయ్యా! నిన్ననే కొత్తాకు లేచింది. నాలుగు రోజులు ఆగలేకపోయావా? ఒక్క మాట నన్నడిగుండాల్సింది!"

"నువ్వు చెప్పలేదుగా, పచ్చబడుతోందని." అరచేతుల్లోకి చూసుకుంటూ అన్నాడు. "రోజూ నువ్వు నిద్దట్లో ఉలిక్కిపడుతున్నావు. చేను పోతే నువ్వేమైపోతావోనని భయమేసింది దుర్గా. ఎవరైనా ఏదైనా చెయ్యమంటే చేసేద్దావనిపించింది."

దుర్గ ఫోను తీసి సుప్రియకి చేసింది. జరిగింది చెప్పింది.

"నీళ్ళున్నాయా చేలో? ఎంతసేపైంది చల్లి?"

"పొద్దున చల్లాడంట."

"అయితే చాలావరకు ఇంకా నీళ్ళలోనే ఉంటుందండి. ఇప్పుడే వదిలేస్తే సగమైనా బయటికి పోతుంది. రేపటికైతే మట్టిలోకి దిగిపోతుంది." తర్వాత గొంతు తగ్గించింది. "దుర్గ గారూ, నేను చెప్పానని మాత్రం అనకండి ప్లీజ్. రావు గారు మా ఆఫీసులో అందరికీ తెలుసు. నేనింకా ప్రొబేషన్లో ఉన్నాను."

*

నీళ్ళు వదలాలంటే దారి ఒక్కటే. మెరక నుంచి పల్లానికి, బుల్లియ్య చేలోంచే మురుక్కాలవకి పోవాలి. బుల్లియ్య తన చేలో వంగి కలుపు తీస్తున్నాడు. ఆయన చేను వేరే విధంగా వెలవెలబోతోంది. జీలుగా లేదు, యూరియా లేదు. పైరు ఊడ్చిననాటి ఎత్తులోనే ఉండిపోయింది.

"బాబాయ్, నీళ్ళు వదులుతాను. నీ చేలోకి రానిస్తావా?"

ఆయన నడుం పట్టుకుని లేచాడు. "అదేంటమ్మాయ్, మొన్నేగా వదిలావు? ఇప్పుడు పైరుకి నీళ్ళుండాల్సిన వేళ."

దుర్గ ఉన్నదున్నట్టు చెప్పింది. ఆయన విని, చేతిలోని కలుపుని గట్టు మీదకి విసిరి, చేతులు నీళ్ళలో జాడించి కడుక్కున్నాడు.

"వాళ్ళిచ్చిన ఎరువు నా చేలోకెందుకమ్మా? రేపు రావు గారికి తెలిస్తే నేను దొంగిలించానంటారు."

"నీ చేలో ఆపొద్దు బాబాయ్. కాలవలోకి వదిలెయ్యి కావాలంటే. నా చేలో మాత్రం ఉండకూడదు."

బుల్లియ్య కాలవ వైపు చూశాడు, తన చేను వైపు చూశాడు. చాలాసేపు చూశాడు. ఆ తర్వాత వెళ్ళి, తన చేలోంచి నీళ్ళు బయటికి పోకుండా, మురుక్కాలవ వైపున్న గండిని రెండు పారల మట్టితో మూసేశాడు.

వెంకటరమణ ఇవతల గట్టు కొట్టాడు. మండుతున్న చేతులకి గుడ్డ చుట్టుకుని నాలుగు పోట్లు వేశాడు. నీళ్ళు ముందు సన్నగా, తర్వాత మట్టిని కోసుకుంటూ బలంగా పల్లంలోకి దూకాయి. వాటిలో యూరియా ఉందని చూస్తే తెలీదు. మామూలు నీళ్ళే.

నీళ్ళు ఇంకా పోతుండగానే బండి చప్పుడైంది. వెంకటరమణ పార వదిలేసి గట్టు చాటున కూచున్నాడు. బుల్లియ్య ఏమీ ఎరగనట్టు వంగి కలుపు తీయడం మొదలుపెట్టాడు. దుర్గ మాత్రం గండి ముందు అలాగే నిలబడిపోయింది, కదిలితే కనబడతాననుకుంది. చప్పుడు దగ్గరైంది. జగన్నాథరావు గారే. బండి నెమ్మదించినట్టనిపించింది. తల ఇటు తిప్పినట్టూ అనిపించింది. ఆగలేదు. చప్పుడు మలుపు తిరిగి పోయాకే వెంకటరమణ లేచి పార అందుకున్నాడు.

ఆయన చూశారో లేదో దుర్గకి తెలీలేదు. చూస్తే ఎలా, చూడకపోతే ఎన్నాళ్ళు దాగుతుంది అని తలచుకుంటూనే పొద్దు వాలేదాకా ఉండి, గండి మూసి, పంటకాలవ నుంచి కొత్తనీళ్ళు కట్టింది.

*

వారం తిరిగేసరికి బుల్లియ్య చేను గుర్తుపట్టలేనట్టు మారిపోయింది. ఎండిన నేల మీద వాన పడ్డట్టు ఆ పైరు ఒక్కసారిగా లేచింది. పిలకలు వేసింది, ఆకు నల్లబారింది. దుర్గ చేను కూడా పసుపు వదిలి చిలకపచ్చకి తిరిగింది. ఆకు నిటారుగా, కాస్త బిరుసుగా ఉంది. దగ్గరికెళ్ళి చూస్తే దానంత ఆరోగ్యంగా ఉన్న పైరు ఆ చుట్టుపక్కల లేదు. కానీ రోడ్డు మీంచి చూసేవాళ్ళకి పక్కపక్కన రెండు రంగులు కనబడతాయి. పల్లం చేను నలుపు, మెరక చేను లేత.

ఆ సాయంత్రమే హరిబాబు వచ్చి దుర్గ ఇంటి ముందు బండి ఆపాడు. "ఆదివారం పొద్దున్న మావయ్య ఇంటికి రమ్మన్నాడు, ఇద్దర్నీ. బుల్లియ్యని కూడా రమ్మన్నాడు. బుల్లియ్య సేద్యం చూసి మావయ్య తెగ మెచ్చుకుంటున్నాడులే" అని నవ్వి వెళ్ళిపోయాడు.

దుర్గకి అంతా అర్థమైంది. రావు గారు దసరా దాకా కూడా ఆగేలా లేరు. తన చేలోంచి పోయిన నీళ్ళే తన చేనుని పట్టుకుపోతున్నాయి.

"నేను వెళ్ళి జరిగింది చెప్పేస్తాను" అన్నాడు వెంకటరమణ.

"ఏం చెప్తావు? ఆయనిచ్చిన యూరియాని పక్కోడి చేలో పోశామనా? అప్పుడు ఈ పంట కూడా దక్కనివ్వరు."

చెప్తే ఒక ప్రమాదం, చెప్పకపోతే ఇంకొకటి. ఇక మిగిలింది బుల్లియ్య. ఆయన కూడా మారిపోయాడు. ఇదివరకు గట్టు మీద కనబడితే 'ఏమ్మాయ్, తిన్నావా' అనే మనిషి, ఇప్పుడు ఆమె రాగానే అటు తిరిగి కలుపు తీస్తున్నాడు. ఆయన చేసేది ముప్పాతిక ఎకరం పల్లం. దాని పక్కనే ఎకరంన్నర మెరక చేతికొస్తుంటే కాదనేవాడెవడు? తనైతే కాదంటుందా? ఒక పొద్దున దుర్గ ఆయన గుమ్మం దాకా వెళ్ళింది. లోపల పొయ్యి దగ్గర ఆయన ఒక్కడే గంజి వారుస్తున్నాడు. 'బాబాయ్, వద్దని చెప్పవా' అని అడగాలి. అడగడానికి తనకి ఏం మొహముంది? ఆ రోజు గోదాములో ఆయన తన వైపు చూసినప్పుడు తను ఏం మాట్లాడింది? వచ్చినదారినే వెనక్కి తిరిగింది.

ఆదివారం జగన్నాథరావు గారి అరుగు మీద కుర్చీలో ఆయన, గుమ్మంలో ఆయన భార్య సత్యకుమారి గారు, కింద ముగ్గురూ నిలబడ్డారు. లోపల మెట్లు కనబడుతున్నాయి. మెట్ల కింద గోనెపట్టా కప్పి ఉంది.

"రా బుల్లియ్యా. ఒక్క బస్తా దొరక్కుండా ఆ చేను అంత పచ్చగా ఎలా తెచ్చావయ్యా? సేద్యమంటే అదీ. వీళ్ళూ ఉన్నారు, నేను రెండు బస్తాలు చేతిలో పెట్టినా రంగు రాలేదు." ఆయన దుర్గ వైపు తిరిగారు. కోపంగా కాదు, జాలిగా. "ఏమీ అనుకోకమ్మా. నాకూ పంట కావాలి కదా? బుల్లియ్యా, దాళ్వాకి ఆ మెరక కూడా నువ్వే చెయ్యి. ఏమంటావు?"

బుల్లియ్య తలగుడ్డ తీసి చంకలో పెట్టుకున్నాడు.

"ఆయ్" అన్నాడు, సరేనన్నట్టు తల వంచి.

దుర్గ నేల వైపు చూస్తూ ఉండిపోయింది. అరుగు అంచున చీమలబారు ఒకటి పోతోంది.

"ఆయ్, తమరు అంతమాటన్నారు, సంతోషమండి. కానీ ఆ పచ్చ నాది కాదండి." బుల్లియ్య గొంతు కీచుగా వచ్చింది. "ఈ అమ్మాయి చేలో నీళ్ళు నా చేలోకి వదిలిందండి. తమరిచ్చిన యూరియా అందులో ఉందండి. నాదేవీ లేదండి ఇందులో. గండి మూశాను, అంతే."

జగన్నాథరావు గారు కుర్చీలో ముందుకి వంగారు. "నేనిచ్చిన యూరియా ఇతని చేలో పోశావా?"

ఇన్నాళ్ళూ ఏ మాటకి భయపడిందో ఆ మాట వచ్చేసింది. వచ్చాక ఇంక భయపడడానికి ఏమీ మిగల్లేదు. దుర్గ తలెత్తింది.

"ఎక్కువైందండి. జీలుగ బలం అడుగునుంచి వస్తోందండి. రెండూ ఉంచితే పైరు పొంగిపోయి పడిపోద్దండి. అందుకే తీసేశాను."

"ఎవరు చెప్పారు నీకు? ఆ అగ్రికల్చరమ్మాయేనా?"

"కాదండి. నేనే అనుకున్నానండి."

వెంకటరమణ ఆమె వైపు ఆశ్చర్యంగా చూశాడు. గుమ్మంలోంచి సత్యకుమారి గారు మెల్లిగా అన్నారు, "నిరుడు మన సొంత చేను అలాగే కదండీ పడుకుంది? కోత మిషను దిగక, మనుషులు దొరక్క, వెన్నులన్నీ నీళ్ళలో మొలకలెత్తాయి. మీరు మూడురోజులు అన్నం సరిగ్గా తిన్లేదు."

"నువ్వుండు" అన్నారాయన. కానీ ఆ మాటలో పట్టు లేదు. చేత్తో మొహం తుడుచుకున్నారు. ఈ ఏడు కూడా తన సొంత చేలన్నిటికీ మెట్ల కింద బస్తాలే మోయించారు. అవి ఇప్పుడు ఊళ్ళో అందరి చేలకన్నా నల్లగా, మెత్తగా ఉన్నాయి. ఆయన ఆకాశం వైపు ఒకసారి చూశారు. పైన మబ్బు ఉంది.

"సరే. కోతలయ్యాక మాట్లాడదాం" అన్నారు. "అప్పటిదాకా ఎవరి చేను వాళ్ళు చేసుకోండి."

అంతే. ఇస్తాననలేదు, తీసేస్తాననలేదు. లేచి లోపలికి వెళ్ళిపోయారు.

ముగ్గురూ రోడ్డెక్కారు. వెంకటరమణ సైకిలు నడిపించుకుంటూ ముందు పోతున్నాడు. వెనక ఇద్దరూ. చేలు కనబడ్డాక దుర్గ బుల్లియ్య పక్కకి వచ్చింది.

"నీకు చాలా రుణపడ్డాను బాబాయ్. ఇంకొకరైతే వదులుకునేవాళ్ళు కాదు."

బుల్లియ్య నడుస్తూనే తల అడ్డంగా ఊపాడు.

"నన్ను మరీ అంత ఎత్తున పెట్టకమ్మాయ్. తీసుకుందామనే వెళ్ళాను."

దుర్గ ఆగిపోయింది.

"ఒట్టు. ఈ నాలుగు రోజులూ నీ మొహం చూళ్ళేకపోయింది అందుకే. ఆయన అరుగు దగ్గర 'ఆయ్' అన్నానే, అది ఒప్పుకోడానికే అన్నాను. అని, నీ చేను తలచుకున్నాను. దాళ్వాకి ఎకరంన్నరలో దిగాననుకో, పైరు లేత రంగులో ఉంది, రావు గారు రోడ్డు మీద బండాపి 'ఏది బుల్లియ్యా ఆ పచ్చదనం' అంటున్నారు. ఎక్కణ్ణుంచి తెస్తానమ్మా? మిషను నా వేలే తీసుకోదు. భయంతో ఒళ్ళు చల్లబడిపోయింది. ఆ భయంలో నిజం బయటికొచ్చేసింది."

దుర్గ ఆయన మొహంలోకి చూసింది. ఇన్ని రోజులుగా తనొక్కతే మోస్తున్నాననుకున్న భయం ఆ మొహంలోనూ ఉంది. రావు గారు ఆకాశం వైపు చూసినప్పుడు ఆయన మొహంలోనూ ఉన్నట్టుంది. నవ్వొచ్చింది ఆమెకి. నవ్వు చాలా రోజులకి రావడంవల్ల గొంతులో అడ్డంపడి దగ్గులా బయటికొచ్చింది. ముందు పోతున్న వెంకటరమణ ఏమైందోనని వెనక్కి తిరిగాడు.

"కోతలయ్యాక ఆయన మళ్ళీ పిలుస్తారు బాబాయ్. అప్పుడు మళ్ళీ నిన్నే తీసుకోమంటే?"

బుల్లియ్య గట్టు దిగబోతూ ఆలోచించాడు. అబద్ధం చెప్పే ఓపిక ఆయనకి లేనట్టుంది.

"ఏమోనమ్మా. జీలుగ ఎప్పుడు చల్లాలో, ఎప్పుడు దున్నాలో, దున్నాక ఎన్నాళ్ళు ఆగాలో నాకు తెలిస్తే, అప్పుడు భయం ఉండదేమో. తెలీదు కాబట్టి వద్దంటాను."

దుర్గ తన చేను వైపు చూసింది. గాలికి లేతపచ్చ ఆకులు నిటారుగా ఊగుతున్నాయి, పక్కన నల్లపచ్చ చేను బరువుగా కదులుతోంది.

"రేపు పొద్దున్న రా బాబాయ్" అంది. "చెప్తాను."